మిగిలిన యేడెవ్వరిది?

గడచిన మాసమున నొకనాటి సాయంకాలము మాకు చిరపరిచితుడైన యొక గృహస్థు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆయన మా వీథిలో మందుల దుకాణము నడపువాడు. చదువన్న నాదరము గలవాడు. ఇంట పుస్తకముల బీరువా యుంచి దానికి తాళము వేయనివాడు. పిల్ల ఇంటర్మీడియేటు ముగించినది. గణితమున మంచి మార్కులే వచ్చినవి గాని, మనస్సు భాషాశాస్త్రముపై నిలిచినది. అందులకు తండ్రి యడ్డు చెప్పుటలేదు. ఆయన తలలో తిరుగుచున్నది వేఱొక మాట.

“మాస్టారూ, మా బావమరిది అమెరికా నుంచి ఫోను చేశాడు. అక్కడ బి.ఏ., ఎం.ఏ. రెండూ కలిపి అయిదేళ్లలో ఇచ్చేస్తున్నారట. ఒక ఏడు మిగులుతుందట. ఇప్పుడు మన దేశంలోనూ అలాంటివి వచ్చాయంటున్నారు. ఏడు మిగిలితే పెళ్లి మాట కూడా వేళకు చూసుకోవచ్చు గదండీ!”

పిల్ల మా గోడమీది క్యాలెండరు వంక చూచుచు కూర్చుండెను.

ఆనాడు మేము చెప్పిన యుత్తరమునే యిచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాము. ఏలయన, ఈ మాట ఆ యొక్క యింటిది కాదు. చదువుకొన్న కుటుంబములలో నిది మెల్లమెల్లగా ప్రాకుచున్నది. విద్యను సంవత్సరములతో తూచి, తక్కువ సంవత్సరములు పట్టినదే మేలైన విద్య యనుకొనుట మనకు క్రొత్తగా పట్టిన జాడ్యము.

ముందు లెక్క సరిచూతము. అమెరికాలో బి.ఏ.కు నాలుగేండ్లు, ఎం.ఏ.కు సాధారణముగా రెండేండ్లు, వెరసి ఆఱు. అచ్చటి విశ్వవిద్యాలయములు కొన్ని ఈ రెంటిని జోడించి యొక త్వరితమార్గము నేర్పఱచినవి. మంచి మార్కులు గల విద్యార్థి మూడవ యేట దరఖాస్తు పెట్టుకొని, నాలుగవ యేట ఎం.ఏ. తరగతికి చెందిన కొన్ని పాఠములు చదువును. ఆ పాఠములను బి.ఏ. లెక్కలోను ఎం.ఏ. లెక్కలోను రెండింటను జమకట్టుదురు. కాగా అయిదవ యేటి చివర రెండు పట్టములును చేతికి వచ్చును. అచ్చట నొక యేటి జీతమనగా సామాన్యమైన సొమ్ము కాదు. అప్పు చేసి చదువు పిల్లలకది నిజమైన మేలే. కాదనము.

ఇక మన దేశపు మాట. బి.ఏ. మూడేండ్లు, ఎం.ఏ. రెండేండ్లు; ఇది తాతలనాటి లెక్క. వెరసి అయిదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022లో క్రొత్త చట్రమొకటి ప్రకటించిరి. దాని ప్రకారము మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకు 160. నాలుగేండ్లు చదివినవారికి ఎం.ఏ. ఒక్క యేడేయని 2024లో చెప్పిరి. వెరసి అయిదు. బి.ఏ., ఎం.ఏ. కలిపిన సమీకృత విద్యకును అయిదేండ్లే. మూడును రెండును అయిదు. నాలుగును ఒకటియు అయిదు. కలిపి చదివినను అయిదే. ఇందు మిగిలిన యేడెక్కడ?

అనగా, పరదేశమున నిజమైన యొక ప్రయోజనమును, అది లేని చోటికి, మాటగా మాత్రము దిగుమతి చేసికొంటిమి. సరుకు రాలేదు, సంచి వచ్చినది. ఈ లెక్క చెప్పినప్పుడు మా మిత్రుడు వ్రేళ్లు ముడిచి తానును కూడి చూచుకొనెను. మందుల లెక్క తప్పనివాడు గదా. రెండవమాఱు కూడవలసిన పని లేకపోయెను.

అట్లయిన కలిపి చదువుట వ్యర్థమా? కాదు. మేము దానిని గట్టిగా సమర్థించువారము. కాని సమర్థించు కారణము వేఱు.

మన విశ్వవిద్యాలయములలో భాషాశాస్త్ర ఎం.ఏ.లో ఏ పట్టభద్రుడైనను చేరవచ్చుననుట బహుకాలపు టాచారము. సాహిత్యము చదివినవాడు వచ్చును, చరిత్ర చదివినవాడు వచ్చును, రసాయనశాస్త్రముతో విసిగినవాడును వచ్చును. ఈ యౌదార్యము మంచిదే. కాని దాని ఫలమేమి? ఇరువదియొక్క యేండ్లవానికి నాలుక పండ్లను తాకునెడ నే ధ్వని పుట్టునో, అంగుటిని తాకునెడ నే ధ్వని పుట్టునో మొదటినుండి చెప్పవలెను. విన్న మాటను విన్నట్లు వ్రాయుట నేర్పవలెను. పదమును ధాతువుగా ప్రత్యయముగా విడదీయుట చూపవలెను. మొదటి యేడంతయు ఓనమాలతోనే సరి. రెండవ యేట ఆధునిక సిద్ధాంతములను గబగబ వల్లించి, పరీక్ష వ్రాసి బయటపడును. భాష యొకటి యెదుట నిలిచి ‘నన్ను పరిశీలింపు’ మనులోపల గంట కొట్టుదురు.

పదునెనిమిదవ యేట మొదలుపెట్టినచో ఈ చిక్కులేదు. చెవి యింకను లేతగా నుండును. మూడేండ్లలో పునాది పడును. ఆ పైని రెండేండ్లును ఇల్లు కట్టుటకు మిగులును. మన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున అయిదేండ్ల సమీకృత ఎం.ఏ. భాషాశాస్త్రమునను గలదు. అదే నగరమున గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థలో కంప్యూటరు శాస్త్రమున బి.టెక్.ను, కంప్యూటేషనల్ లింగ్విస్టిక్సున పరిశోధనాత్మకమైన ఎం.ఎస్.ను కలిపి అయిదేండ్లలో చదువవచ్చును. ఈ రెండవదానిని గుఱించి చెప్పగానే మా మిత్రుని ముఖము వికసించెను. ‘బి.టెక్.’ అను రెండు ముక్కలు మన యిండ్లలో నెంత మంత్రశక్తి గలవో చదువరు లెఱుగుదురు. భాషాశాస్త్రమును ఆ రెండు ముక్కల కొంగు చాటున దాచినగాని పెండ్లిచూపులకు తేలేమని మన భావన! ఆ విద్య మంచిదే. అందు పరిశోధనవ్యాసము వ్రాయక తీరదు గనుక మఱింత మంచిదే. దాని పేరు చూచి పిల్లను పంపుదురా, పని చూచి పంపుదురా యనునదే మా ప్రశ్న.

ఇంతకును భాషాశాస్త్రజ్ఞుడు చేయు పనియేమి? పలు భాషలు మాటలాడుట కాదు. ఆ మాట తఱచుగా వినబడును గనుక ముందే త్రోసివేయుచున్నాము. ఒక చిన్న యుదాహరణము తీసికొందము. తెలుగున మనము ‘రోలు’ అనుచున్నాము. తమిళులు ‘ఉరల్’ అనుదురు. మనము ‘రెండు’ అనుచున్నాము. వారు ‘ఇరండు’ అందురు. మన ‘మ్రాను’ వారికి ‘మరం’. ఇవి వేర్వేఱు మాటలు కావు. పూర్వమొకప్పుడు తెలుగు నాలుక మొదటి యచ్చును వెనుకకు త్రోసి, హల్లును ముందునకు తెచ్చుకొన్నది. అది యొక మాటలో జరిగిన పొరపాటు కాదు. ఒక నియమముగా అనేకపదములలో జరిగినది. ఇట్టి నియమమును చూచుటయే ఈ శాస్త్రము. 1816లో చెన్నపట్టణమున ఎల్లిస్ అను దొర, క్యాంబెల్ వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికాభాగమున, తెలుగు సంస్కృతజన్యము కాదనియు, తమిళ కన్నడముల తోబుట్టువనియు నిరూపించెను. సంస్కృతము చదివిన మా బోటివారు కొందఱు ఇన్నేండ్ల తరువాతను దానిని నమ్ముటకు మొగమోటపడుచున్నారు; అది వేఱు కథ.

ఇచ్చట మా నేరమొకటి యొప్పుకొనవలసియున్నది. పదునెనిమిదేండ్ల క్రిందట మేము మన్యపుటంచున నున్న యొక పాఠశాలలో పని చేయుచుంటిమి. తెలుగు పండితుడు సెలవులో నుండగా ఆ తరగతియు మాకే అప్పగించిరి. నాడు సాధురేఫమును, శకటరేఫమును, అనగా పిల్లలు ‘బండి ఱ’ యను దానిని గుఱించి చెప్పుచుంటిమి. చెఱువులో నేది వ్రాయవలెను, చెరకులో నేది వ్రాయవలెనని వల్లె వేయించుచుంటిమి. తెలుగునోట ఆ రెండును ఒక్కటై శతాబ్దములు గడచినవి గనుక వల్లె వేయించుట కంటె గత్యంతరము మాకు కానరాలేదు. వెనుక వరుసనుండి కొండదొరల కుఱ్ఱవాడొకడు లేచి, “మా ఇంట్లో మాటల్లో రెండు రకాల ‘ర’లున్నాయండి, సార్” అనెను. తరగతి నవ్వెను. మేమును నవ్వితిమి. కూర్చుండుమంటిమి.

అప్పటికి సంస్కృతమున ఎం.ఏ. పట్టము, ఆంగ్లమున మఱొక పట్టము మా గోడమీద వ్రేలాడుచుండెను. మాహేశ్వర సూత్రములు నిద్రలో లేపి యడిగినను చెప్పగలము. స్థానములు, ప్రయత్నములు కంఠస్థములు. కాని యెదుట నిలిచిన బాలుని నోటిలోని ధ్వనిని వినుటకు మాకు చెవి లేకపోయెను. చాల యేండ్ల తరువాత ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండభాషకు వ్రాసి 1969లో ప్రకటించిన వ్యాకరణము మా చేతికి వచ్చెను. మన పూర్వులు వేర్వేఱుగా పలికిన ఆ రెండు రేఫముల భేదము కొండభాషలో నేటికిని నోట నిలిచియున్నది! మేము బెత్తముతో కాపాడ జూచిన దానిని ఆ కుఱ్ఱవాని తల్లి వంటయింట ఉచితముగా కాపాడుచుండెను. ఆ బాలుడు పదవ తరగతి చేరకమున్నే బడి మానెను. మా నవ్వే దానికి కారణమని చెప్పజాలము, కాదనియు చెప్పజాలము.

ఆ నవ్వు మాకు నేర్పినదేమనగా, ఈ శాస్త్రమునకు గ్రంథాలయము సగము, మనిషి సగము. ఆ రెండవ సగమును త్వరపెట్టుటకు వీలులేదు. అపరిచితుని యెదుట కూర్చుండి, అతని యింటి మాటలను అతనికి విసుగు రాకుండ అడిగి, మరల అడిగి, తప్పు పలికి అతనిచేత నవ్వించుకొని నేర్చుకొనవలెను. దానికి నెలలు పట్టును. రెండు పట్టముల లెక్కలలో నొకేమాఱు జమకట్టుటకు వీలుగాని పాఠమది.

పర్లాకిమిడిలో నొక బడిపంతులుండెను. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారని వేఱుగా చెప్పవలెనా? ఆయన చరిత్ర చెప్పు నుపాధ్యాయుడు. ఆనాడు మన దేశమున భాషాశాస్త్రమున పట్టమిచ్చువారును లేరు, దానిని కోరువారును లేరు. ఆయన సవరలను ఇంటికి పిలిచి వారి భాష నేర్చుకొనెను. వారి పిల్లలకు తన సొమ్ముతో బడులు పెట్టెను. కొండలలో తిరిగి మన్యపుజ్వరము తెచ్చుకొనెను. ఆ జ్వరమునకు మ్రింగిన క్వినైనువలన ఆయనకు చెవుడు వచ్చెను. వినుటయే వృత్తిగా పెట్టుకొన్న మనుష్యునకు చెవులు పోయినవి, పని మానలేదు. సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర-ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడినవి. 1940లో ఆయన గతించెను. గ్రాంథికమును జీవితాంత మెదిరించిన ఆ మహనీయుని మేమీ గ్రాంథికమున కొనియాడుట చూచి నవ్వువారుందురు. నవ్వనిండు, ఆయన బ్రతికియున్న ముందుగా ఆయనయే నవ్వియుండును.

ఇప్పటి పిల్లలు చెవులు పోగొట్టుకొనవలెనని మా యభిప్రాయము కాదు. ఒక్క యేడు వినుడని మాత్రమే మా ప్రార్థన.

మా వాదమునకు ఎదురువాద మొకటి గలదు. మా పాఠశాలలోనే గణితము చెప్పు యువకుడు దానిని తెచ్చెను. “ఇప్పుడు యంత్రాలే భాషలు నేర్చుకుంటున్నాయి కదండీ, ఇంక కొండెక్కి అడగడం దేనికి?” అని. యంత్రము దేనినుండి నేర్చుకొనుచున్నది? వ్రాసిన దానినుండి, ధ్వనిముద్రణ చేసిన దానినుండి. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు, వారు వ్రాసినది కొండంత గలదు. అవే లెక్కలలో కోలామీ మాటలాడువారు సుమారు 1.28 లక్షలు, కొండభాషవారు సుమారు 60 వేలు. వారి యింటి మాటలు ఎంత మాత్రము కాగితమున కెక్కినవి? ఎక్కని దానిని యంత్రమెక్కడనుండి తెచ్చును? ముందొక మనుష్యుడు పోయి, విని, వ్రాసికొని రావలెను. 2010 జనవరిలో అండమానున ‘బో’ భాష మాటలాడిన చివరి వృద్ధురాలు మరణించెను. ఆమె పలికిన దానిని భాషాశాస్త్రజ్ఞులు ముందుగా పోయి ముద్రించుకొనిరి గనుక ఆ మాత్రమైన మిగిలినది. త్వరపడవలసిన చోటు నిజముగా నొకటి గలదన్నమాట. అది పట్టము పుచ్చుకొను వేదిక కాదు.

ఇప్పుడు మరల ఆ చివరి యేటికి వత్తము. నిధుల సంఘమువారి 2024 నాటి చట్రములో ఒక యేటి ఎం.ఏ.ను మూడు విధములుగా పూర్తిచేయవచ్చును: కేవలము పాఠములతో, పాఠములును పరిశోధనయు కలిపి, లేదా కేవలము పరిశోధనతో. నాలుగవ యేట పరిశోధనతో కూడిన ఆనర్సు చేయుటకు మొదటి ఆఱు సెమిస్టర్లలో 75 శాతము మార్కులు రావలెనని 2022లోనే చెప్పిరి. అమెరికా త్వరితమార్గములలోను పరిశోధనవ్యాసము కొన్నిచోట్ల ఐచ్ఛికము. ఐచ్ఛికమనగా మన పిల్లలేమి చేయుదురో, మన మేమి చేయించుదుమో తెలియనిదా? “వ్యాసం ఎందుకమ్మా, పేపర్లు రాసేసి వచ్చేయి” అని టెలిఫోనులో చెప్పువారము మనమే. ఒక పంక్తిలో భుజించి రెండు శుభకార్యముల లెక్కలో వ్రాసికొన్నట్లు, ఒకే పాఠమును రెండు పట్టములకు జమకట్టి, మనిషిని చూచి చేయవలసిన పనిని ఐచ్ఛికమని వదలివేసినచో, మిగులునది పట్టములు రెండు, విద్య ఒకటిన్నర.

బీదవాని మాట వేఱు. తండ్రి లేని పిల్లవాడు త్వరగా ముగించి చెల్లెండ్రను చదివింపవలసియున్నచో అతనికి మేము నీతులు చెప్పము. అట్టివానికి జీతభత్యము లిచ్చి ఆ యేడు కొండకు పంపలేని ప్రభుత్వమును నిందింతుము. మేము మాటలాడుచున్నది కలవారిని గుఱించి. పిల్లవాడు ఇంజనీరింగు పరీక్షకై రెండేండ్లు శిక్షణాలయమున కూర్చుండి, రాకపోయిన మూడవ యేడును కూర్చుండుటకు లక్షలు పోయుచు, ఆ యేండ్లను ‘పోయినవి’ అని లెక్కింపనివారిని గుఱించి. కొడుకునకు ‘లాంగ్ టర్మ్’ శిక్షణకై ఇచ్చిన యేడు పెట్టుబడి. కూతురు కోలామీ గ్రామమున గడపబోవు నేడు దుబారా!

ఆడపిల్లల విషయము చెప్పక విడువలేము. సమీకృత విద్యలో మూడవ యేట పట్టము పుచ్చుకొని బయటికి పోవుటకు ద్వారమొకటి యుంచిరి. ఇబ్బందిలో నున్నవారి కది దయగల యేర్పాటు. కాని మన యిండ్ల సంగతి మనకు తెలియును. మూడవ యేటికి సంబంధములు వచ్చుట మొదలగును. “ఎట్లాగూ డిగ్రీ వచ్చింది గదా” అను మాట బంధువుల నోట పుట్టును. అప్పుడా ద్వారము నిర్గమద్వారము కాదు, పెండ్లిపందిటి ద్వారము. ఆ విద్య యంతయు చివరి రెండేండ్లకొఱకే మొదలుపెట్టినది. పునాది వేసి గోడలు లేపకమున్నే తాపీవానిని పంపివేసినట్లగును. మిగులుతుందనుకొన్న యేడును, మిగలని యేడును, రెండును పిల్లవే. ఆ యేటిని వరుని తరఫువారికి ముందుగా వ్రాసియిచ్చుటకు తండ్రికేమి యధికారమని మేమడిగితిమి. అతిథిని అట్లడుగుట మర్యాద కాదేమో. అడిగితిమి.

మా మిత్రుడు కోపగింపలేదు. కొంతసేపు ఊరకుండి, “అయితే మాస్టారూ, అయిదేళ్లూ చదివించమంటారు. ఆఖరి ఏడు కొండలకు పంపమంటారు. అంతేనా?” అనెను. అంతే యంటిమి.

“అక్కడ హాస్టలుంటుందా?”

మాకు నవ్వు వచ్చెను గాని ఈసారి నవ్వలేదు. అంతవఱకు క్యాలెండరు చూచుచున్న పిల్ల తండ్రివైపు తిరిగి, “ఎవరింట్లోనైనా ఉంటాను నాన్నా. వాళ్లిళ్లల్లో ఉంటేనే గదా వినబడేది” అనెను.

ఆయన ఆలోచించి చెప్పుదునని లేచెను. ఇంకను చెప్పలేదు. దరఖాస్తునకు గడువు పదిదినము లున్నది.